ఈ తర్జుమా అమ్మాయి ఎవరి మనిషి?

కోర్టులో పనిచేసినన్నాళ్లూ నా సొంత మాట నేను మాట్లాడింది తక్కువ. పొద్దున జడ్జిగారి పక్కన నిలబడింది మొదలు సాయంత్రం దాకా వేరేవాళ్ల మాటలే నా నోట్లో తిరిగేవి. "ఆ గొడ్డు నాదే" అనేదాన్ని. నా పేరున ఒక్క గొడ్డు కూడా లేదు. "నేను కొట్టలేదు, వాడే పడ్డాడు" అనేదాన్ని. కొట్టినవాడు బోనులో నిలబడి నా వైపు చూస్తుండేవాడు, బాగానే చెప్పిందా లేదా అని. తర్జుమాదారు బతుకు అంతే.

ఈ మధ్య కోర్టు కొలువులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూడటానికి వచ్చి, నా ముందరే వాదులాట పెట్టుకున్నారు. జడ్జీల మీద, కోర్టుల మీద కన్నేసి ఉంచే కమిటీలకు మనుషుల్ని తీసుకునేటప్పుడు ఆ సంగతి జనానికి చెప్పాలా, లేక పెద్దవాళ్లు లోపల కూర్చుని తేల్చేస్తే చాలా అని. "మేడం, మీరేమంటరు?" అన్నారు. నా దగ్గర అభిప్రాయం అంటూ పెద్దగా ఏమీ లేదు. ఒక రోజు జరిగిన సంగతి మాత్రం ఉంది. వాళ్లకు సగమే చెప్పాను, చాయ్ చల్లారుతుందని. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో మాట. జహీరాబాద్‌లో నేను పనిచేసే చిన్న కోర్టు పెంకుల బంగళాలో ఉండేది. ఝరాసంగం వైపు నుంచి వచ్చినవాళ్లు తెలుగులో చెప్పుకునేవాళ్లు. ఊళ్లోని దుకాణాలవాళ్లు ఉర్దూలో. న్యాల్‌కల్ దాటి సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కన్నడంలో, అందులో సగం మరాఠీ కలిపి. మా అమ్మ బీదర్ బిడ్డ కాబట్టి నాకు కన్నడం ఇంట్లోనే వచ్చింది. ఉర్దూ మా గల్లీలో వచ్చింది. అట్లా నాకు తర్జుమా పని దొరికింది. దొరికింది అంటే పర్మనెంటు కాదు. గడువు అయిపోయినప్పుడల్లా మా జడ్జిగారు "పని బాగుంది" అని పైకి రాస్తే మళ్లీ కొంతకాలం. రాయకపోతే ఇంటికి.

ఆ ఉద్యోగం సంగతి మొదట నా చెవిన వేసింది, దరఖాస్తు పెట్టించింది మా ఊరి పెద్దవకీలు. మా నాయన ఆయన దగ్గర గుమాస్తా. నేను పుట్టకముందు నుంచీ ఆయన దగ్గరే. వకీలుసాబ్ నన్ను "బిడ్డా" అనేవారు. మా ఇంట్లో ఆయన పేరు పలికేవాళ్లం కాదు, "సాబ్" అంటే ఆయనే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. చాయ్ దుకాణం వాడికి తెలుసు, బస్టాండులో పూలమ్మే ఆమెకు తెలుసు. కోర్టులో కుర్చీ మీద కూర్చున్న ఒక్క మనిషికి తెలియదు.

ఆ మనిషి మా మున్సిఫ్‌గారు, అంటే ఆ చిన్న కోర్టు జడ్జి. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన యువకుడు. చాలా శ్రద్ధగా వినేవారు గానీ మా భాష ఆయనకు కొరుకుడు పడేది కాదు. వచ్చిన కొత్తలో ఒక సాక్షి, "పొద్దుగూకినంక ఇంటికొచ్చిన సార్, గప్పుడే లొల్లయింది" అన్నాడు. ఆయన రాసుకోవడం ఆపి నా వైపు చూశారు. అది తెలుగే కదా అని నేను ఊరుకున్నాను. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు. "చీకటి పడ్డాక ఇంటికొచ్చాడటండీ, అప్పుడే గొడవ జరిగిందట" అన్నాను. "అదీ!" అని రాసుకున్నారు. అప్పటినుంచి నేను తెలుగును కూడా తెలుగులోకి తర్జుమా చేస్తూ వచ్చాను. దానికి వేరే జీతమేమీ ఇవ్వలేదు.

ఇక అసలు సంగతి. మా కోర్టు మీద జనానికి గుర్రుగా ఉండేది. కొన్ని కేసులు వాయిదా తర్వాత వాయిదా, మా భాషలో పేషీ మీద పేషీ, పడుతూ పోయేవి, ఎందుకో ఎవరికీ తెలిసేది కాదు. ఊరి నుంచి నడిచొచ్చిన మనిషి పక్కకు వెళ్లి నీళ్లు తాగొచ్చేలోపు పేరు పిలవడం, పలకలేదని కేసు కొట్టేయడం కూడా అయ్యేది. పై కోర్టు జడ్జిగారు తనిఖీకి వచ్చినప్పుడు జనం ఆయన జీపుకు అడ్డం పడి చెప్పుకున్నారు. ఆయన వెళ్తూ వెళ్తూ మా మున్సిఫ్‌గారితో ఒక మాట అన్నారు. ఊళ్లోంచి ఐదుగురు మనుషులతో ఒక కమిటీ వేయండి, కోర్టు మీద ఫిర్యాదులు వాళ్లు విని నేరుగా నాకు చెప్పాలి, మీకు కాదు అని.

ఐదుగురు ఎవరన్నది ఆ సాయంత్రమే వకీళ్ల గదిలో తేలిపోయింది. చాయ్ తాగి కప్పులు కింద పెట్టేలోపు పేర్లు కుదిరాయి. మా పెద్దవకీలు, ఇంకొక వకీలు, ఒక మిల్లు యజమాని, ఒక పాత జమీందారు, ఒక రిటైరైన హెడ్మాస్టరు. అందరూ మర్యాదస్తులే. ఆ మాట ఒప్పుకోవాలి.

అడ్డం పడింది ఒక చిన్న వకీలు. ముస్లింల ఇంటి అబ్బాయి, నల్లకోటు వేసుకుని ఇంకా రెండేళ్లు కాలేదు. మున్సిఫ్‌గారి ముందు నిలబడి, "సార్, కోర్టు మీద ఫిర్యాదు వినేవాళ్లు ఎవరో ఫిర్యాదు చేసేటోళ్లకు ముందు తెల్వద్దా? వీళ్లను హాల్లో నిలబెట్టున్రి. అడగదలచుకున్నోళ్లు అడుగుతరు" అన్నాడు.

మా శిరస్తాదారు, అంటే ఆఫీసుకు పెద్ద గుమాస్తా, మెల్లగా ముందుకొచ్చి, "సార్, గిట్ల ఎక్కడా లేదు. రేపు పైనోళ్లు అడిగితే మీకే ఫికర్" అన్నాడు.

మున్సిఫ్‌గారు కాసేపు ఫ్యాను కేసి చూశారు. "ఎక్కడా లేదంటే చేయకూడదని కూడా ఎక్కడా లేదు కదండీ" అన్నారు. ఐదుగురి పేర్లు బోర్డు మీద పెట్టించారు. ఫలానా రోజు పేషీలు అయ్యాక అందరూ హాల్లోకి రావచ్చు, ఏ భాషలోనైనా అడగవచ్చు, తర్జుమాదారు ఉంటారు అని రాయించారు.

తర్జుమాదారు అంటే నేనే. 

 మూడో రోజు పొద్దున నేను జడ వేసుకుంటుంటే నాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సాబ్ నిలబడుతున్నడు, తెలుసు గదా?"

"తెలుసు నాయినా."

"జనం నోరు మంచిది కాదు. ఏమన్న అంటరు. అన్నది నీ నోట్లకెల్లి వస్తది. సాబ్‌కు ఇనవడేది నీ గొంతే."

 ఆయన అన్నది నిజమే. మా తమ్ముళ్ల చదువు, ఆ ఇంటి కిరాయి, నా ఉద్యోగం, అన్నీ సాబ్ దగ్గర మొదలయ్యేవి. నాయన ఇంకా అక్కడే నిలబడి, "నీ గడువు కూడ దగ్గరవడ్డది" అని మెల్లగా అని వెళ్లిపోయాడు. ఆ రోజు నేను కోర్టుకు వెళ్లి ఒక సాక్షి చెప్పిన మాట రెండుసార్లు అడిగి తెలుసుకోవలసి వచ్చింది. అట్లా నాకు ఎప్పుడూ కాలేదు.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే వరండాలో వకీలుసాబ్ ఎదురయ్యారు. ఇస్త్రీ తెల్లబట్టలు, అత్తరు వాసన. ఎప్పటిలాగే నవ్వుతూ, "బిడ్డా, అమ్మ బాగున్నదా?" అన్నారు. బాగుందన్నాను. ఆయన జర దగ్గరికొచ్చి, "మనోళ్లు కోపంల ఎన్నో మాట్లాడుతరు. అన్నీ సార్ చెవుల పొయ్యనక్కర్లేదు. సారాంశం చెప్తే చాలు" అన్నారు. బెదిరించినట్టు అనలేదు. ఎండ ఎక్కువగా ఉంది, గొడుగు తీసుకుపో అన్నట్టు అన్నారు. అందుకే నాకు మరింత భయమేసింది. బెదిరిస్తే కోపమైనా వచ్చేది.

హాలు నిండిపోయింది. కిటికీల్లోంచి కూడా తలలు. ఐదుగురూ జడ్జిగారి బల్లకు ముందు, కింద వేసిన కుర్చీల్లో కూర్చున్నారు. మున్సిఫ్‌గారు పైన, నేను ఆయన పక్కకు కొంచెం కింద, నా మెట్టు మీద. చెమటకు నా చేతిలో రుమాలు తడిసిపోయింది.

మొదట మొగుడంపల్లి నుంచి వచ్చిన ఒక రైతు మిల్లు యజమానిని, "సేటు, నీ మిల్లు ఇడిసిపెట్టి నా గోడు ఇననీకె వస్తవా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. సేటు కూడా నవ్వి, వారానికి ఒక పూట వస్తానన్నాడు. ఒక దర్జీ ఉర్దూలో హెడ్మాస్టరును అడిగాడు, మీ దగ్గరికి వచ్చి చెప్పుకుంటే ఆ మాట బయటికి పొక్కదు కదా అని. పొక్కదన్నారు. అంతా బాగానే నడుస్తోంది.  ఇట్లాగే అయిపోతే ఎంత బాగుండు అనుకున్నాను.

అప్పుడు లేచింది న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చిన అవ్వ. ఆ రోజు ఆమె కేసు కూడా ఉంది, మళ్లీ పేషీ పడింది. ముతక చీర, చేతిలో సంచీ. పెద్దవకీలు వైపు వేలు చూపించి కన్నడంలో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆమె గొంతు పెద్దది. సగం హాలుకు అర్థం కాలేదు గానీ ఆ వేలు అందరికీ అర్థమైంది.

మున్సిఫ్‌గారు నా వైపు వంగి, "ఏమంటున్నారు?" అన్నారు.

పెద్దవకీలుకు కన్నడం కొద్దిగా వచ్చు. ఆయన నన్నే చూస్తున్నారు. వెనక బల్ల మీద ఫైళ్ల మూట ఒళ్లో పెట్టుకుని నాయన కూర్చున్నాడు. తల వంచుకుని ఉన్నాడు. సారాంశం అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది. "ఆమెకు ఈయన మీద కొంచెం అభ్యంతరం ఉన్నదటండీ" అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. నోరు తెరిచాను. నాకు అలవాటైన పద్ధతిలోనే మాటలు వచ్చేశాయి.

"సార్, ఆమె అడుగుతున్నది ఇదీ. నా చేను తీసుకున్న మనిషికి వకీలు ఈయనే. నా కేసు పేషీల మీద పేషీలు పోతోంది. రేపు దాని గురించి ఫిర్యాదు చేయాలంటే నేను ఈయన దగ్గరికే వచ్చి చేతులు కట్టుకోవాలా?"

 పెద్దవకీలు ముఖంలో నవ్వు ఉంది గానీ అది అక్కడ పెట్టి మరిచిపోయిన నవ్వులా ఉంది. మున్సిఫ్‌గారు ఆయన్ను ఏదో అడగబోయారు. ఇంతలో అవ్వ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి వేలు నా వైపు తిరిగింది.

నాకు అర్థమైంది. మొదటి ముక్కలోనే అర్థమైంది. 

"ఇప్పుడేమంటున్నారు?" అన్నారు మున్సిఫ్‌గారు.

 అవ్వ నన్నే చూస్తోంది. చిన్న వకీలు చూస్తున్నాడు. నాయన తల ఎత్తాడు. నేను ఈ మాట మింగేస్తే పట్టుకునేవాళ్లు ఆ హాల్లో కొద్దిమంది. చెప్తే, నా నోటితో నేనే నా ఉద్యోగానికి ఎసరు పెట్టుకోవడం. అయినా నాకు ఎంతసేపటికీ ఒకటే అనిపించింది. ఇంతసేపు అందరి మాటలూ చెప్పి, నా మీద పడ్డ మాట ఒక్కటి దాచితే, ఇక రేపటి నుంచి ఆ మెట్టు ఎక్కి నిలబడటం ఎట్లా?

"సార్, ఆమె నా గురించి అడుగుతున్నది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఈ తర్జుమా చేసే అమ్మాయి ఎవరి మనిషి? ఈమె తండ్రి ఆ వకీలు దగ్గర గుమాస్తా. నేను అన్నది అన్నట్టు ఈమె చెప్పిందని నాకేం నమ్మకం? అంటున్నది."

మున్సిఫ్‌గారు కలం కింద పెట్టారు. "నిజమేనా?"

"నిజమేనండీ."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"ఎవరూ అడగలేదండీ. ఊరందరికీ తెలుసు."

ఆయన ముఖం ఎర్రబడింది. నా మీద కోపమా, ఊరి మీదా, తన మీదా అన్నది ఇప్పటికీ చెప్పలేను. హాల్లోకి చూసి, "ఇక్కడ కన్నడం బాగా తెలిసినవారు, వీళ్లెవరితోనూ సంబంధం లేనివారు ఉన్నారా?" అని అడిగారు.

బీదర్ బట్టల వ్యాపారి ఒకాయన వేరే కేసు మీద వచ్చి ఉన్నాడు. లేచాడు. "ఆమె చెప్పింది బరాబరే సార్. ఒక్క మాటనే జర ఫరక్. అవ్వ 'నన్న హొల కసకొండ' అన్నది. అంటే గుంజుకున్నడు అని. ఈ అమ్మ తీసుకున్నడు అని చెప్పింది. తీసుకునుడు వేరు, గుంజుకునుడు వేరు" అన్నాడు.

ఆయన అన్నది నిజం. ఆ మాట నా నోట్లో ఎప్పుడు మెత్తబడిందో నాకు తెలియలేదు. కావాలని చేయలేదు. కావాలని చేయకుండానే అట్లా అయిపోతుందని ఆ రోజు తెలిసింది, అది తెలిశాక ఇంకా భయమేసింది. "గుంజుకున్న మనిషికి అని రాసుకోండి సార్" అన్నాను.

పెద్దవకీలు లేచారు. "ఆ కేసు నాదే. దాచేటిదేం లేదు. ఈ ఊళ్లె సగం కేసులు నావే" అన్నారు. తర్వాత కండువా సర్దుకుని, "నా మీద ఇంత అనుమానం ఉన్నకాడ నేను కూసోను" అని బయటికి నడిచారు. నాయన ఫైళ్ల మూట పట్టుకుని వెనకే వెళ్లాడు. నా వైపు చూడలేదు.

మిగిలిన నలుగురిలో పాత జమీందారు కూడా తన భూముల కేసులు ఈ కోర్టులోనే ఉన్నాయని తనంతట తానే చెప్పి తప్పుకున్నాడు. ఆ రెండు కుర్చీల్లోకి హాల్లోని జనం ఒక దవాఖాన నర్సమ్మను, ఒక గడియారాలు బాగుచేసే ముసలాయన్ను చూపించారు. వాళ్లనూ అట్లాగే ప్రశ్నలడిగి కూర్చోబెట్టారు. నర్సమ్మను అడిగిన ప్రశ్నలు వింటే ఆమెకు సూది వేయడం ఎందుకు నేర్చుకున్నానా అనిపించి ఉంటుంది.

ఆ సాయంత్రం ఇంట్లో పళ్లెం ముందు కూర్చుని నాయన అన్నం ముట్టలేదు. "ఒక్క మాట మింగరాకపాయె నీకు?" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి, "ఇది మాట మింగితే, ఆ ముసలామె తన చేను పోయింది మింగేది ఎట్లా?" అంది కన్నడంలో. ఆయనకు అర్థమైంది, పళ్లెం పక్కకు జరిపాడు. సాబ్ రేపటి నుంచి రావద్దంటే ఏం చేయాలన్నది ఆయన భయం. సాబ్ అట్లా అనలేదు. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడంతో మా ఇల్లు నెల పైన ఊపిరి బిగబట్టుకుని బతికింది. పనిలోంచి తీయలేదు గానీ, నన్ను మాత్రం ఆయన మళ్లీ "బిడ్డా" అనలేదు. "ట్రాన్స్‌లేటర్ గారూ, మీరు" అనేవారు. ఎంతో మర్యాదగా. ఆ మర్యాద నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

నా మీద పైకి అర్జీ వెళ్లింది. సంబంధం దాచిపెట్టి పనిచేస్తోంది, తీసేయండి అని. ఎవరు రాశారో తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. మున్సిఫ్‌గారు వివరణ రాయమన్నారు. రాశాను. పై నుంచి టపా వచ్చినప్పుడల్లా పరుగున ఆఫీసు గదికి వెళ్లేదాన్ని. శిరస్తాదారు కవరు చింపుతుంటే నేను గోడకేసి చూసేదాన్ని. ఆయన నా మీద జాలిపడి, "నీది కాదులే, సీలింగు ఫ్యాను మంజూరు" అని చెప్పేవాడు. గడువు దాటాక చివరికి మళ్లీ కొంతకాలానికి పొడిగింపు వచ్చింది. దానితో పాటు మున్సిఫ్‌గారి ఆజ్ఞ ఒకటి. ఇక మీదట ఏ కేసులోనైనా తర్జుమాకు ముందు, అందులోని ఎవరితోనైనా నాకు చుట్టరికం గానీ సంబంధం గానీ ఉంటే అది హాల్లో అందరికీ వినబడేలా, వాళ్ల భాషలో చెప్పాలి. అవతలివాళ్లు వద్దంటే తప్పుకోవాలి.

కమిటీ ఏమైంది అని మీరు అడుగుతారు. ఆ మున్సిఫ్‌గారు ఉన్నన్నాళ్లూ నడిచింది. పేరు మూడుసార్లు పిలవనిదే కేసు కొట్టేయకూడదన్న పద్ధతి వాళ్ల వల్లనే వచ్చింది. ఆయన బదిలీ అయ్యాక కొత్తాయన వచ్చారు. మళ్లీ వకీళ్ల గది, మళ్లీ చాయ్, మళ్లీ ఐదు పేర్లు. ఆ ఐదుగురు ఎప్పుడు కూర్చున్నారో, ఏం విన్నారో నాకు కూడా తెలియలేదు. అవ్వ కేసు తేలేనాటికి నన్ను వేరే ఊరికి వేశారు. సగం చేను వచ్చిందని తర్వాత ఎవరో అన్నారు. సగం వచ్చిందా, సగం పోయిందా అన్నది ఆమెనే అడగాలి.

నేను చెప్పదలచుకున్నది ఆ ఆజ్ఞ వచ్చాక జరిగిన మొదటి పేషీ. అది అవ్వ కేసే అయింది. అవతల పెద్దవకీలు నిలబడి ఉన్నారు. వెనక నాయన. అవ్వ బోనెక్కింది. నేను లేచి ముందు కన్నడంలో, తర్వాత తెలుగులో చెప్పాను. ఈ కేసులో అవతలి వకీలుగారి దగ్గర మా నాయన గుమాస్తా. అదిగో, ఆ బల్ల మీద కూర్చున్నది ఆయనే. నేను వద్దని ఆమె అనుకుంటే చెప్పవచ్చు, కన్నడం తెలిసిన ఇంకొకాయన్ని ఈ రోజు పిలిపించి ఉంచారు.

ఇంత పెద్ద గొంతుతో నాయన గురించి నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన మూట సర్దుకుంటున్నట్టు కిందికి వంగాడు.

అవ్వ ఆయన్ను చూసింది, నన్ను చూసింది. కన్నడంలో ఏదో అంది. మున్సిఫ్‌గారు, "ఏమంటున్నారు?" అన్నారు.

"సార్, ముక్కు అచ్చం తండ్రిదే అంటున్నది."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ నవ్వలేదు. సంచీ కింద పెట్టి, బోను కర్ర పట్టుకుని, ఈసారి నాతో కాకుండా మున్సిఫ్‌గారితో, వచ్చీరాని తెలుగులో తానే చెప్పింది.

"ఈమె ఎవరి బిడ్డనో నాకు మొదలే తెలుసు. ఇప్పుడు నీకు కూడ తెలిసె. ఇగ ఆమెనే చెప్పనీ సారూ. తప్పు చెప్తే ఇంతమంది ఇంటున్నరు గద."

మున్సిఫ్‌గారు నా వైపు చూశారు. ఆ మాటకు తర్జుమా అక్కర్లేదు. నేను నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాను. అవ్వ తన చేను సంగతి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.